కుర్చీల దేశం, బల్లల దేశం

మొన్న సెప్టెంబరులో ఒక పొద్దున్న ఆంగ్ మో కియోలో రైలెక్కి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని రెండో చేత్తో ఫోన్‌లో నార్వే ఎన్నికల ఫలితాలు చూస్తున్నాను. నాకు నార్వేలో ఓటు లేదు. చుట్టం లేడు. కనీసం పడని మనిషి కూడా లేడు. కొన్నేళ్ళ కిందట ఆ దేశం ఎక్కడుందని అడిగితే వేలు పైకెత్తి చూపించేవాణ్ణి, అంతే. అలాంటివాణ్ణి, ఏ పార్టీ గెలిచిందన్నది వదిలేసి, గెలిచినవాళ్ళలో ఆడవాళ్ళెంతమంది అని తెర పైకీ కిందికీ జరుపుతున్నాను. పక్కనున్న చైనీస్ పెద్దాయన నా ఫోన్‌లోకి తొంగి చూసి, అవి షేర్ మార్కెట్ అంకెలు కావని తేలాక నిరాశగా మొహం తిప్పుకున్నాడు.

ఈ జబ్బు నాకు అంటించినావిడ తరవాతి స్టేషన్ బిషాన్‌లో ఉండేవారు. జూన్ స్కూలు సెలవుల్లో పోయారు. ఈ ఫలితాలు చూడకుండానే. కథల్లో అయితే రైలు బిషాన్‌లో ఆగగానే రాసేవాడి కళ్ళు చెమరుస్తాయి. మా రైలు బిషాన్‌లో ఆగగానే జనం తోసుకుంటూ ఎక్కారు, ఎవరో మడమతో నా కాలు తొక్కారు. కళ్ళు చెమర్చిన మాట నిజమే. కారణం మడమేనని రాసుకుంటాను.

మా తెలుగువాళ్ళలో ఆవిణ్ణి అందరూ నార్వే ఆంటీ అనేవారు. ఆవిడ నార్వే ఎప్పుడూ వెళ్ళలేదు. పుట్టింది కాకినాడ, కాపురం సింగపూర్, తిరుగుడంతా ఆ రెండింటి మధ్యే. కాకపోతే ఉద్యోగం ఇక్కడే ఒక నార్వే ఓడల కంపెనీ ఆఫీసులో చేశారు. ఓడలు వాళ్ళవి, సముద్రం అందరిదీ, టైపింగ్ ఆవిడది. రిటైరై చాలా కాలమైనా ఆ ఆఫీసు మాత్రం ఆవిడలోంచి రిటైరవలేదు. ముఖ్యంగా ఊపిరిలోంచి.

నార్వేవాళ్ళలో కొందరు ఔననేటప్పుడు ఊపిరి వదలకుండా లోపలికి పీలుస్తారట. ఆంటీ ఆ అలవాటు తెచ్చి మన గోదావరి జిల్లాల "ఆయ్"కి తగిలించారు. ఎదుటివాళ్ళ మాట నచ్చితే చాలు, "హాఁయ్" అని గాలి లోపలికి లాగేవారు. తెలియనివాళ్ళు ఆయాసం అనుకుని మంచినీళ్ళు తెచ్చేవారు. నేను మొదటిసారి, ఇన్‌హేలర్ హ్యాండ్‌బ్యాగులో ఉందా అని అడిగాను.

ఆ మొదటిసారి మా తెలుగు సంఘం ఉగాది వేడుకలో. పెళ్ళికాని కుర్రాణ్ణి కాబట్టి నన్ను పులిహోర దగ్గర నిలబెట్టారు. వేదిక మీద తొమ్మిది కుర్చీల్లో తొమ్మిది మంది మగవాళ్ళు కూర్చుని మహిళాశక్తి గురించి మాట్లాడుతున్నారు. మహిళాశక్తి నా వెనకాల నిలబడి అరిటాకులు తుడుస్తోంది.

"అబ్బాయ్, ఆ స్టేజీ మీద నీకేం కనిపిస్తోంది?" అన్నారు ఆంటీ గరిటె నా చేతిలో పెడుతూ.

"బ్యానర్ ఒక పక్కకి ఒరిగిందండి."

"ఇంకా?"

"అందరూ ఒకే రంగు లాల్చీలు."

"హాఁయ్. అమెరికా సెనేట్ పాత ఫోటోలా లేదూ?"

ఎవరైనా ఆవేశపడుతుంటే గాలి తీయకపోతే నాకు అన్నం అరగదు. "మీ నార్వేలో అయితే ఎలా ఉంటుందేంటండీ?" అన్నాను. గాలి తీయబోయి పంపు కొట్టానని పులిహోర అయిపోయేదాకా అర్థం కాలేదు.

"అమెరికా కుర్చీల దేశం అబ్బాయ్. ఒక్కో చోట ఒక్కటే కుర్చీ. నువ్వు కూర్చుంటే నేను నిలబడాల్సిందే. అంచేత పార్టీవాళ్ళు గెలిచే మనిషి కావాలంటారు. గెలిచే మనిషి అంటే ఇదివరకు గెలిచినట్టుండే మనిషి. అంటే మగాడు. నార్వే బల్లల దేశం. ఒక్కో జిల్లాకీ ఒక పొడుగాటి బల్ల. పార్టీ ఒక్క పేరు చెబితే సరిపోదు, వరసగా బోల్డు పేర్లు చెప్పాలి. వరసంతా మగాళ్ళే అయితే చూసేవాళ్ళు నవ్విపోరూ? అందుకని ఒక మగ, ఒక ఆడ, ఒక మగ, ఒక ఆడ. బల్ల మీద అయితే సర్దుకు కూర్చోవచ్చు. కుర్చీలో సర్దుకోమంటే ఒళ్ళో కూర్చోవాలి."

"నార్వే జనాభా మన సింగపూర్ అంత కూడా లేదు కదండీ. చిన్న ఇల్లు సర్దడం తేలికే."

"అంత కొంచెం మందిలోనే వాళ్ళకి దొరికారు ఆడవాళ్ళు. అంతమందిలో అమెరికాకి ప్రెసిడెంటు పనికి ఒక్కర్తీ దొరకలేదా?"

నా గరిటె కాసేపు ఆగింది. వరసలో ఉన్నాయన ప్లేటు ముందుకు చాపి, నార్వే సంగతి తరవాత చూద్దాం బాబూ అన్నాడు.

ఆ తరవాత ఆదివారాలు బిషాన్‌లో వాళ్ళ ఫ్లాట్‌కి వెళ్ళడం మొదలైంది. పెసరట్టు కోసం అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఆ పెసరట్టు మీద ఆంటీ నార్వే నుంచి పాత ఆఫీసువాళ్ళు పంపే గోధుమరంగు చీజ్ తురిమి వేసేవారు. కోవా కాస్త మాడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అల్లం పచ్చడితో తింటే రెండు దేశాలకీ నష్టం. అంకుల్, అంటే ఆవిడ భర్త, ఓడల మరమ్మతు యార్డులో సేఫ్టీ ఆఫీసరుగా చేసి రిటైరైనవారు. మాటలు కరెంటులా పొదుపుగా వాడేవారు. తన పెసరట్టుని మాత్రం చీజ్ పడకముందే మడతపెట్టేసుకునేవారు. ఆయన సేఫ్టీ మీద నాకు గౌరవం అక్కడే మొదలైంది.

ఆంటీ ఉద్యోగంలో చేరిన రోజు ఆఫీసు గోడ మీద ఒక ఫోటో ఉందట. ఒక పెద్ద భవనం ముందు కోట్లు వేసుకున్న మనుషులు, వాళ్ళలో దాదాపు సగం మంది ఆడవాళ్ళు, ముందు నిలబడింది కూడా ఆడమనిషే.

"మీ నార్వే మహిళా మండలి విహారయాత్రాండీ అని అడిగాను మా బాస్‌ని. అది మా ప్రభుత్వం అన్నాడు. ముందు నిలబడ్డావిడ ప్రధానమంత్రిట. డాక్టరుట. మా బాస్ ఏ మాత్రం గర్వపడకుండా, వర్షం పడుతోందన్నట్టు చెప్పాడబ్బాయ్. అదీ నాకు నచ్చింది."

ఆ బాసే సాయంత్రం నాలుగింటికల్లా సంచీ సర్దుకుని, పాపని కిండర్‌గార్టెన్ నుంచి తీసుకురావాలంటూ వెళ్ళిపోయేవాడట. ఈ సంగతి ఆంటీ కాకినాడకి ఫోన్‌లో చెబితే ఆవిడ మామగారు, "అయ్యో పాపం, పెళ్ళాం ఎలా పోయింది?" అని అడిగారట.

అలాగని ఆంటీకి నార్వే అంటే గుడ్డి ప్రేమ లేదు. అక్కడ కంపెనీ బోర్డుల్లో ఆడవాళ్ళకి చట్టం చోటిచ్చిందనీ, బోర్డుని దాటి పైకెళితే పెద్ద గదిలో కూర్చునేది అక్కడా ఎక్కువగా మగాడేననీ ఆవిడే చెప్పేవారు. అమెరికాని మెచ్చుకోవాల్సిన చోట మెచ్చుకునేవారు కూడా. "అక్కడ ఆడది నిలబడి ఓడిపోతే లోకమంతా చూస్తుంది. నార్వేలో గెలిచినా పక్క వీధికి తెలీదు."

ఆ లోకమంతా చూసిన రోజు నేను ఆంటీ ఇంట్లోనే ఉన్నాను. నిరుడు నవంబరు, బుధవారం. అమెరికాలో రాత్రి ఓట్లు లెక్కపెడుతుంటే మనకిక్కడ పట్టపగలు. ఇంటి నుంచి పని అని ఆఫీసులో చెప్పాను. ఎవరి ఇంటి నుంచో వాళ్ళడగలేదు. ఆంటీ పొద్దున్నే బూరెలకి పూర్ణం ఉండలు చేసి పెట్టుకున్నారు. ఆడమనిషి గెలవగానే వేడి వేడిగా వేసి కారిడార్ అంతా పంచాలని. ఎనిమిదేళ్ళ కిందట ఇంకొకావిడ నిలబడ్డప్పుడూ ఇలాగే చేశారట. ఆ బూరెలు చివరికి దీపావళివి మిగిలాయని చెప్పి పంచారట.

మధ్యాహ్నానికి టీవీలో మ్యాపు రంగు ఎటు తిరుగుతోందో పూర్ణానికి కూడా అర్థమైపోయింది. ఆంటీ వంటింటి గుమ్మంలో చట్రం పట్టుకుని నిలబడ్డారు.

"ఏవండీ, వెయ్యనా, వద్దా?"

అంకుల్ టీవీ వైపు చూడలేదు. మూకుడు వైపు చూశారు. "నూనె కాగిపోయింది. వెయ్యి."

ముగ్గురం కూర్చుని బూరెలు తిన్నాం. ఊరుకోలేక, "అమెరికా ఓడినా బూరెలు గెలిచాయండీ" అన్నాను. ఆంటీ నవ్వలేదు. నా జోకుకి ఆవిడ నవ్వకపోవడం అదే మొదలు. ఆవిడ బూరెకి చిల్లు పెట్టి నెయ్యి కూడా పోశాను, అయినా.

"రెండుసార్లు ఆ కుర్చీ కోసం నేనెందుకు బూరెలు వండాను అబ్బాయ్? అది నా ఊరా, నా ఓటా? నాకు ఓటున్న చోట తొమ్మిది కుర్చీలున్నాయి. అక్కడ ఇన్నేళ్ళూ నేనేం చేశాను? లేడీస్ కోఆర్డినేటర్‌ని. చీరల రంగు చెప్పి, బొకేలు మోశాను."

"రంగు చెప్పడం చిన్న అధికారమేం కాదండీ."

"వేళాకోళం ఆపు. ఓపిక ఎన్నాళ్ళుంటుందో తెలీదు నాకు. ఒక్కసారి వాళ్ళ మధ్య కూర్చుని, ఏదో ఒకటి నేను తేల్చాలి. నాతో పాటు ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు ఉండాలి. ఒక్కర్తే ఉంటే మళ్ళీ బొకే నాకే ఇస్తారు."

అలా తయారైంది ప్రతిపాదన. కార్యవర్గంలో తొమ్మిది స్థానాలు. మగవాళ్ళయినా ఆడవాళ్ళయినా, ఎవరూ నలుగురికి తగ్గకూడదు. జనవరిలో సర్వసభ్య సమావేశం.

ఆ రోజు బిషాన్‌లోని హాలుకి నేను కుర్చీలు సర్దడానికి వెళ్ళేసరికి ఆంటీ అప్పటికే వచ్చి వెళ్ళారు. వేదిక మీద తొమ్మిది కుర్చీలు. ఒకటి విడిచి ఒకటి, నాలుగు కుర్చీల మీద నాలుగు టిష్యూ పేకెట్లు.

ఇక్కడి హాకర్ సెంటర్లలో అన్నానికి వెళ్ళినవాళ్ళు ముందు టేబుల్ మీద టిష్యూ పేకెట్ పెట్టి, తరవాత వరసలో నిలబడతారు. దీన్ని చోప్ చేయడం అంటారు. ఏ చట్టంలోనూ లేదు. అయినా చట్టాన్ని అతిక్రమించేవాళ్ళు దొరుకుతారేమో గానీ, టిష్యూ పేకెట్ పక్కకి నెట్టి కూర్చునేవాడు మాత్రం ఈ ఊళ్ళో పుట్టలేదు.

కార్యవర్గం వచ్చింది. అధ్యక్షులవారు బ్యాంకులో పెద్ద ఉద్యోగం, మనిషి మంచివారు, ఇరవై ఏళ్ళుగా ఈ ఊరి నీళ్ళు తాగుతున్నవారు. వేదికెక్కి, పేకెట్లు చూసి, ఎవరివి ఎవరివని నలువైపులా చూశారు. తక్కినవాళ్ళూ అలాగే ఆగిపోయారు. ఖాళీ కుర్చీల ముందు పెద్దమనుషులు బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డారు. ఇంతలో కోశాధికారిగా నిలబడదామని వచ్చినాయన, హైదరాబాద్ నుంచి దిగి నెల కూడా కాలేదు, గబగబా వెళ్ళి ఒక పేకెట్ చేతిలోకి తీసుకుని, చింపి, ఒక టిష్యూ లాగి మొహం తుడుచుకుని, హాయిగా కూర్చున్నారు.

హాలంతా "అయ్యయ్యో" అంది.

"ఏమైందన్నా?" అన్నారాయన బెదిరిపోయి. "కూసుంటే తప్పా?"

"లేవండి, లేవండి!" అన్నారు అధ్యక్షులవారు. "ఎవరో చోప్ చేశారండీ అది. వాళ్ళు వచ్చేదాకా మనం కూర్చోకూడదు."

"వచ్చామండీ" అన్నారు ఆంటీ వెనక వరస నుంచి. "అధ్యక్షులవారే తీర్పు చెప్పేశారు. ఇంక నేను ఉపన్యాసం రాసుకొచ్చి దండగ. నార్వేవాళ్ళు చేసింది ఇదేనండీ. ఆడవాళ్ళు పిల్లలకి అన్నం పెట్టి వచ్చేలోపు కుర్చీలన్నీ నిండిపోతున్నాయని, ముందే టిష్యూ పెట్టారు. అమెరికావాళ్ళు ఎవరు ముందొస్తే వాళ్ళదే అంటారు."

"యాక్చువల్‌గా ఆంటీ గారూ, మన సంఘంలో లేడీస్ అంటే ఎంత రెస్పెక్ట్ అండీ! జ్యోతి వెలిగించేది ఎప్పుడూ వాళ్ళే కదా?" అన్నారు అధ్యక్షులవారు.

"అగ్గిపెట్టె ఇచ్చి అధికారం ఇచ్చామంటే ఎలాగండీ?"

ఓట్లు లెక్కపెట్టింది నేనే. చేతులు దించకుండా ఉంచమని చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. ప్రతిపాదన నెగ్గింది. హైదరాబాద్ ఆయన కూడా చెయ్యెత్తారు. తప్పు చేశానన్న భయంతోనో ఏమో, రెండు చేతులూ ఎత్తారు. ఒకటే లెక్కవేశాను.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. అధ్యక్షులవారు మైకు సరిచేసుకుని, "రూల్ పాసైంది, సంతోషం. ఆడవాళ్ళు పేర్లివ్వండి మరి. నలుగురు రాకపోతే మాత్రం ఈ ఏడాదికి పాత పద్ధతే" అన్నారు. అందులో మోసం ఏమీ లేదు.

ఆంటీ తన పేరు చెప్పారు. ఇంతసేపూ చప్పట్లు కొట్టిన ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొందరు మొగుళ్ళ మొహాలు చూశారు. మొగుళ్ళు ఫ్యాను చూశారు.

"సింధూ, నువ్వు చెప్పవేమ్మా" అన్నారు ఆంటీ. సింధు మా పక్క బ్లాకులో ఉండే అమ్మాయి, ప్రోగ్రామరు, నడక నేర్చుకుంటున్న కూతురుంది.

"నాకు ఇష్టమే ఆంటీ. మీటింగులు శనివారం సాయంత్రం కదా. మా ఆయనకి అప్పుడే షిఫ్టు. చిన్నదాన్ని ఎవరు చూస్తారు?"

ఆ మాటకి తలుపు తెరుచుకున్నట్టయింది. ఒకావిడ కొడుక్కి ప్రైమరీ పరీక్షలన్నారు. ఒకావిడకి ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ వేరువేరు చోట్ల క్లాసులు. నార్వే దాకా వచ్చిన బండి మ్యాథ్స్ ట్యూషన్ దగ్గర ఆగిపోయింది.

ఆంటీ ముందున్న కుర్చీ వీపు పట్టుకున్నారు. ఆవిడ దగ్గర సెనేట్‌కి జవాబుంది, అధ్యక్షులవారికి జవాబుంది. దీనికి లేదు. నాకు కూడా జోకేమీ తట్టలేదు. అది ఎంత అరుదో నన్నెరిగినవాళ్ళకి తెలుసు.

వెనక వరసలో అంకుల్ లేచారు. బాత్రూముకేమో అని అందరం దారి ఇచ్చాం.

"ప్రతి మీటింగుకీ వచ్చి పిల్లల్ని నేను చూసుకుంటానండి" అన్నారు. "పక్కగది ఖాళీయేగా."

"మీరా అంకుల్? అంతమందినా?" అన్నారు అధ్యక్షులవారు.

"యార్డులో కుర్రాళ్ళకి హెల్మెట్లు పెట్టించి బతికినవాణ్ణండి. వీళ్ళకి డైపర్లేగా."

జనం నవ్వారు. నవ్వు ఆగేలోపు సింధు చెయ్యెత్తింది. దాని వెనక ఇంకోటి, ఇంకోటి, ఇంకోటి. నలుగురు కావాలంటే ఐదుగురయ్యారు. ఆంటీ వెనక్కి తిరిగి అంకుల్‌ని చూస్తూ, ఎప్పుడూ విననంత పొడుగ్గా ఊపిరి లోపలికి తీసుకున్నారు. ఆ రోజు ఎవరూ మంచినీళ్ళు తేలేదు.

ఆంటీ కార్యవర్గంలో కూర్చుంది కొద్ది నెలలే. ఆ కొద్ది నెలల్లోనే జనానికి చుక్కలు చూపించారు. మొదట తేల్చింది, శనివారం కార్యక్రమాలన్నీ ఆదివారానికి మార్చడం. కట్టడాల్లో, యార్డుల్లో పనిచేసే మన కుర్రాళ్ళకి సెలవు ఆ రోజే. ఉపన్యాసాలకి వంటింటి టైమరు పెట్టారు. అది ఆడా మగా చూడకుండా మోగేది. మహిళా సాధికారత మీద సింధు ప్రసంగం కూడా మధ్యలోనే మోగింది. "ఆంటీ, ఇది మీ గురించే!" అంది సింధు. "అయితే మరీ తొందరగా ముగించు" అన్నారు ఆంటీ.

జూన్‌లో నిద్రలో పోయారు. ఎవరికీ మంచినీళ్ళు తెచ్చే అవకాశం ఇవ్వలేదు.

ఆ తరవాతి సమావేశం వాయిదా వేద్దామా అనుకున్నాం. ఆంటీ స్థానం భర్తీ చేయాలి కాబట్టి సభ్యులందర్నీ పిలవక తప్పలేదు. అంకుల్ రారనుకుని, పిల్లల్ని ఇళ్ళ దగ్గరే ఎవరికైనా అప్పజెప్పి రమ్మని సింధు అందరికీ మెసేజ్ పెట్టింది. సగం మందికి అప్పజెప్పడానికి ఎవరూ దొరక్క పిల్లలతోనే వచ్చారు. వాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టాలా అని చూస్తుంటే అంకుల్ వచ్చారు. చేతిలో రంగు పెన్సిళ్ళ డబ్బా.

అధ్యక్షులవారు ఎదురెళ్ళి చేతులు పట్టుకున్నారు. "మీరెందుకండీ ఇప్పుడు... మీరు రాకపోయినా మేమేమీ అనుకోం."

"నేను రాకపోతే వీళ్ళ అమ్మలు లోపలికి ఎలా వస్తారండీ?" అన్నారు అంకుల్. చిన్నదాన్ని సింధు చంకలోంచి తీసుకుని పక్కగదిలోకి వెళ్ళారు.

అధ్యక్షులవారు కళ్ళద్దాలు తుడుచుకుని నిబంధన చదివారు. ఆంటీ పోగా ఇంకా నలుగురు ఆడవాళ్ళున్నారు, లెక్క సరిపోయింది, కాబట్టి ఆ ఒక్క స్థానానికీ మగవాళ్ళయినా ఆడవాళ్ళయినా... ఆయన వాక్యం పూర్తి కాలేదు. మూడు చేతులు లేచాయి. మూడూ ఆడవాళ్ళవే. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు, ఫ్యాను చూడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఇంక మొదలైంది. ఓటు పెట్టి ఎక్కువ వచ్చినవాళ్ళకి ఇచ్చేయమంది ఒకావిడ. అంత చేసి ఒక్కర్తికే ఇస్తే అమెరికాకీ మనకీ తేడా ఏముందని అడిగింది ఇంకొకావిడ. ముగ్గురూ వంతులవారీగా కూర్చోవచ్చంది మూడో ఆవిడ. అది నిబంధనల్లో లేదన్నారు అధ్యక్షులవారు. నిబంధన మారుద్దాం అంది సింధు. హైదరాబాద్ ఆయన, ఇప్పుడు కోశాధికారి, ఎవరూ అడక్కుండానే రెండు వైపులా ఔనన్నారు. పక్కగదిలోంచి "అంకుల్, హీ చీటింగ్ లా!" అని ఒక పిల్లాడి అరుపు. ఇక్కడ అంతకంటే గట్టిగా అరుపులు.

అంత రభసలో తలుపు తట్టిన చప్పుడు. అంకుల్. చంకలో సింధు కూతురు, చొక్కా మీద అడ్డంగా ఎర్ర పెన్సిల్ గీత.

"అమెరికా పద్ధతో, నార్వే పద్ధతో, ఏదో ఒకటి తొందరగా తేల్చండమ్మా" అన్నారు. "పిల్లలకి ఆకలేస్తోంది."